సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వసారా

మే రెండో వారం, అమరావతి రాజధాని ఏరియాలో ఒక ఆఫీసు, పేరెందుకులెండి. నా క్లయింటు ఒక పెద్దాయన, డెబ్బై దాటాయి, రాజధాని కోసం ల్యాండ్ పూలింగుకి ఇచ్చిన ఎకరంన్నరకి బదులుగా వచ్చిన ప్లాటు కాయితంలో వాళ్ళ నాన్న పేరు తప్పు పడింది, అది సరిచేయించుకోవాలి, అంతే పని. పదకొండింటికి రమ్మన్నారు. లోపల ఏసీ, గ్రానైటు, నున్నటి సోఫాలు అన్నీ ఉన్నాయి గానీ పాసు ఒక్కరికే రాస్తామన్నారు, సరే అని నేను కాయితాలు పట్టుకుని లోపలికెళ్ళా, ఆయన బయట. బయట అంటే నిజంగా బయటే. చెట్టు లేదు, చూరు లేదు, బండి ఆపనివ్వట్లేదు కాబట్టి కారు నీడ కూడా లేదు. గేటు పక్కన ఇనప ఫ్రేముకి కట్టిన పెద్ద ఫ్లెక్సీ మాత్రం ఉంది, దాని మీద కట్టబోయే అసెంబ్లీ బొమ్మ, చుట్టూ చెరువు, చెరువులో మబ్బులు, గట్టు మీద పట్టుచీరలు కట్టుకుని షికారు తిరుగుతున్న ఆడవాళ్ళు, ఒక్కళ్ళ మొహానా చెమట లేదు.

పెద్దాయన ఆ ఫ్లెక్సీ నీడన కూర్చున్నాడు. మొదట్లో దాని పడమటి పక్క రెండు మూరల నీడ ఉందంట, కాసేపటికోసారి ఇంకొంచెం దగ్గరికి జరిగాడంట, పన్నెండయ్యేసరికి ఆ నీడ ఫ్లెక్సీ కిందకే వెళ్ళిపోయి ఇనప కమ్మీ మందాన గీత మిగిలింది. అప్పుడు కండువా తడిపి నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. ఒంటిగంటకి తూర్పు పక్క నీడ మొదలైతే అటు మారాడు. రెండున్నరకి నేను బయటికొచ్చి వెతుక్కుంటుంటే ఫ్లెక్సీ వెనకాల గొంతుక్కూర్చుని కనపడ్డాడు, ఇదేంటి బాబాయ్ ఇక్కడున్నారు అంటే, "నీడ జరుగుతోంది లాయరమ్మా, దాంతోపాటు నేనూ జరుగుతున్నా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, సంతకం కూడా అవలేదు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాయమైపోయిన నీడే బుర్రలో తిరిగింది. మా తమ్ముడు సైట్ ఇంజినీరు, వాడినడిగితే ఇదేముందక్కా అన్నట్టు చెప్పేశాడు. మనముండేది భూమధ్యరేఖకి పైన పదహారున్నర డిగ్రీల దగ్గర కాబట్టి మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ రోజుల్లో నిలువుగా ఉన్నదేదీ నీడనివ్వదు, గోడైనా స్తంభమైనా టవరైనా అంతే. "కొత్త అసెంబ్లీ ఎత్తు 250 మీటర్లు, మే నెల పన్నెండింటికి దాని నీడ కూడా దాని కాళ్ళ దగ్గరే ముడుచుకుంటుంది" అన్నాడు. మన ఎండకి పనికొచ్చేది అడ్డంగా ఉన్నదే, చూరో, పందిరో, వసారానో, చెట్టుకొమ్మో. నేను చెప్పదల్చుకున్నది కూడా ఇంతే, కాకపోతే లాయర్ని కదా, కొంచెం సాగదీసి చెప్తా.

ముందే ఒక మాట. అమరావతి మీద ఏం రాసినా మన గుంటూరు బెజవాడల్లో నువ్వు ఏ పార్టీ అని అడుగుతారు. నాకు ఆ ఊరు కావాలి. 2015 దసరా రోజు ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన అయినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు పొంగల్ తిన్న బ్యాచ్ మేం. 2019 డిసెంబర్లో మూడు రాజధానులన్నాక తుళ్ళూరు, మందడం శిబిరాల్లో ఆడవాళ్ళు కూర్చుంటే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నా. సెక్రటేరియట్ టవర్ల కోసం పోసిన రాఫ్ట్ పునాదులు ఏళ్ళ తరబడి నీళ్ళలో మునిగి, చుట్టూ జమ్ము పెరిగి, 2024లో ఐఐటీ వాళ్ళు పడవేసుకుని వెళ్ళి అవి పనికొస్తాయో లేదో చూడాల్సొచ్చింది కదా, ఆ ఫోటో చూసి ఏడుపొచ్చింది నాకు. కాబట్టి కావాలనుకునేవాళ్ళ వైపు నుంచే అడుగుతున్నా.

మనకో అలవాటుంది, బిల్డింగుని చూడగానే ఇది దేనిలా ఉంది అంటాం. 2016లో జపాన్ ఆర్కిటెక్ట్ ఫుమిహికో మాకి అమరావతి ప్రభుత్వ భవనాల డిజైన్ పోటీలో గెలిచాడు, ఆషామాషీ మనిషి కాదు, ఆర్కిటెక్టులకి నోబెల్ లాంటి ప్రిట్జ్‌కర్ ప్రైజు వచ్చినాయన, ఆ పోటీలో ఇటు రిచర్డ్ రోజర్స్ కంపెనీ, అటు మన బి.వి.దోషీ సంస్థ కూడా ఉన్నాయి. బొమ్మలు బయటికి రాగానే ఏమైంది? ఇబ్రహీంపట్నం థర్మల్ గొట్టాల్లా ఉన్నాయి అని నవ్వాం. నేనూ నవ్వా, వాట్సాప్‌లో నలుగురికి పంపా. ఆ డిజైన్ పోయింది, మాకిని పక్కన పెట్టారు, లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ కంపెనీ వచ్చింది. వాళ్ళు ఒకటి కాదు చాలా బొమ్మలు తెచ్చారు, మధ్యలో రాజమౌళిని కూడా సలహా అడిగారు, చివరికి 2017 డిసెంబర్లో ఈ సూదిమొన డిజైన్ ఖాయం చేశారు. తిరగేసిన లిల్లీ పువ్వు అన్నారు. మావాళ్ళేమో గరాటు బోర్లించినట్టుంది అన్నారు. పువ్వో గరాటో, మళ్ళీ అదే పోలిక గోల.

అసలు తమాషా ఏంటంటే, పవర్‌హౌస్ గొట్టంలా ఉందని మనం వద్దనుకున్నామా, చండీగఢ్‌లో, ఆ ఊరు ప్లాన్ చేసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన అసెంబ్లీ హాలు నిజంగానే పవర్‌హౌస్ గొట్టం. అహ్మదాబాద్ వెళ్ళినప్పుడు సబర్మతి ఒడ్డున థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు చూసి, ఆ నడుం సన్నబడ్డ ఆకారాన్నే తెచ్చి శాసనసభకి పెట్టాడు. ఇప్పుడది యునెస్కో వారసత్వ కట్టడం, మనం మాకిని చూసి నవ్విన 2016లోనే ఆ హోదా వచ్చింది. అంటే పోలికతో బిల్డింగు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మాకి డిజైన్ బాగుందని నేననను, అది బాగుందో లేదో తేల్చుకునే ప్రశ్న మనం అడగనే లేదు అంటున్నా.

చండీగఢ్ నేను చూశా. మా బార్ వాళ్ళతో కలిసి ఒక ఏప్రిల్లో ఢిల్లీ వెళ్ళి అట్నించి అటు పోయాం. క్యాపిటల్ కాంప్లెక్స్ చూడాలంటే మామూలుగా నడుచుకుంటూ పోవడం కుదరదు, ఐడీ కార్డు చూపించి, పేరు రాయించుకుని, గైడు వెనకాల గుంపుగా నడవాలి. ఇటు అసెంబ్లీ, అటు హైకోర్టు, మధ్యలో కాంక్రీటు మైదానం. నిజం చెప్పాలంటే గొప్పగా ఉంది. హైకోర్టు మీద గొడుగు పట్టినట్టు ఇంకో కప్పు వేశాడాయన, కింద రంగురంగుల పెద్ద స్తంభాలు, ఆ గచ్చు మీద నిలబడి తలెత్తి చూస్తే మన వృత్తి మీద మనకే గౌరవం వస్తుంది. కానీ తలెత్తి ఎంతసేపు చూస్తాం? పది నిమిషాలకి మా సీనియర్ గారు సిమెంటు దిమ్మ మీద కూర్చోబోయి, చురుక్కుమని లేచారు. ఆ మైదానంలో మేం, గైడు, తుపాకులతో జవాన్లు తప్ప మనిషి లేడు. ఊరి జనం కోసం ఇంత చోటు కట్టి, ఊరి జనం లేరు.

జనం ఎక్కడున్నారయ్యా అంటే పక్కనే ఉన్న రాక్ గార్డెన్‌లో ఉన్నారు. నేక్‌చంద్ అని పీడబ్ల్యూడీలో రోడ్డు ఇన్‌స్పెక్టరు, కొత్త నగరం కోసం కూలగొట్టిన ఊళ్ళ చెత్తంతా, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, ఏరుకొచ్చి అడివిలో ఏళ్ళ తరబడి గుట్టుగా ఒక లోకం కట్టుకున్నాడు, 1976లో జనానికి తెరిచారు. సన్నటి సందులు, అటూ ఇటూ గోడలు, పైన చెట్లు, నీళ్ళ చప్పుడు. పిల్లలతో కిక్కిరిసిపోయి ఉంది. ప్లాన్ లేకుండా కట్టినదాంట్లో నీడ ఉంది. ప్రపంచంలోకెల్లా పేరున్న ప్లాన్‌లో మా సీనియర్‌కి కూర్చునే చోటు లేదు. ఆయన రాక్ గార్డెన్‌లో గంటసేపు కూర్చుని శికంజీ, అదే నిమ్మరసం, రెండు గ్లాసులు తాగారు.

ఇక అసలు కేసుకి వస్తా. చండీగఢ్ హైకోర్టులో రెండో నంబరు నుంచి తొమ్మిదో నంబరు దాకా కోర్టు హాళ్ళ ముందు వరండా ఉంది. ఒకటో నంబరు, అంటే చీఫ్ జస్టిస్ గారి కోర్టు ముందు లేదు. ఎండైనా వానైనా అక్కడ నిలబడ్డవాళ్ళ మీదే. అక్కడ కూడా వరండా వేయండి అని 2024 నవంబర్లో హైకోర్టే ఆర్డరేసింది. చండీగఢ్ అధికారులేమో అమ్మో యునెస్కో కట్టడం, ముట్టుకుంటే హోదా పోతుంది అని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2025 మే నెలాఖర్లో సుప్రీంకోర్టు, మిగతా హాళ్ళకున్నట్టే దీనికీ వేయడంలో తప్పేం లేదు అని హైకోర్టు మాటే నిలబెట్టింది. చూడండి, 1955లో తెరిచిన బిల్డింగు, ఇరవయ్యో శతాబ్దంలో అంత పేరున్న ఆర్కిటెక్ట్, అన్నీ అయ్యాక డెబ్బై ఏళ్ళకి దేశంలో అతి పెద్ద కోర్టు కూర్చుని తేల్చింది దేని గురించి? ఒక వసారా గురించి. నేను ఈ తీర్పు చదివి మా గుమాస్తాకి చెప్తే, మా ఊళ్ళో అయితే నాలుగు రేకులు, రెండు వాసాలు, సాయంత్రానికి అయిపోద్ది మేడమ్ అన్నాడు.

వాడన్నది హాస్యం కాదు. గుంటూర్లో మనం బతుకుతున్నదే ఆ రేకుల కింద. నా ఆఫీసు బ్రాడీపేటలో. గీత గీసినట్టు లైన్లు, అడ్డరోడ్లు, 4/14 అంటే నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటో అతనికి కూడా తెలుసు, ప్లాన్ చేసిన పేట అంటే మనకి కొత్తేం కాదు, అమరావతి కంటే ముందు నుంచే ఉంది. ఆ లైన్లలో ఆసుపత్రుల దగ్గర పొద్దున్నే చూడండి, పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి వచ్చిన మనుషులు, పేషంటు లోపల, తోడొచ్చినవాళ్ళు బయట. ఎక్కడుంటారు వాళ్ళు? మందుల షాపు షట్టరు ముందు రేకుల కింద, అపార్టుమెంటు పార్కింగులో వాచ్‌మన్ తిట్టేదాకా, టీ బంకు టార్పాలిన్ కింద. టిఫిన్ క్యారేజీలు, చెంబులు, చంటిపిల్లలు. ఈ నీడంతా ఏ ప్లాన్‌లోనూ లేదు, మున్సిపాలిటీ లెక్కలో సగం ఆక్రమణ కింద వస్తుంది, రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు పోయేది అదే.

మా అమ్మమ్మ వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు, పెంకుటిల్లు, ముందు రెండు పక్కలా అరుగులు. ఆ అరుగు ఎవరిది అంటే చెప్పడం కష్టం. కట్టించింది మా తాతయ్య, పేడతో అలికేది అమ్మమ్మ, కూర్చునేది మాత్రం ఊరందరూ. పోస్టుమాన్ సంచి దించేది అక్కడే, గాజులమ్మే ఆవిడ మలారం విప్పేది అక్కడే, మధ్యాహ్నం పూట దారిన పోయేవాడెవడో తలకింద తుండు పెట్టుకుని నిద్రపోతే లేపేవాళ్ళు కాదు, లేచాక మజ్జిగ ఇచ్చేవాళ్ళు. ఇంటివాళ్ళని ఏ పర్మిషనూ అడక్కుండా ఇంటి నీడలో కూర్చునే హక్కు అన్నమాట. చట్టంలో దీనికి ఈజ్‌మెంట్ అనో ఇంకోటనో పేరు వెతకొచ్చు గానీ, ఆ ఊళ్ళో ఎవరూ వెతకలేదు. అమ్మమ్మ పోయాక మావయ్య ఇల్లు పడగొట్టి డాబా వేశాడు, అరుగు స్థానంలో గేటు, గేటుకి కుక్క బోర్డు. కుక్క లేదు, బోర్డు మాత్రమే.

ఇంకా వెనక్కి పోతే ఉండవల్లి గుహలున్నాయి, రాజధాని అంచునే. కొండని నాలుగు అంతస్తులు తొలిచారు, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూడ్డానికి అందరూ ఎగబడతారు గానీ నన్నడిగితే ఆ ముందుండే స్తంభాల వరస చూడాలి. రాతిలో తొలిచేవాడికి స్తంభాలు దండగ పని కదా, కొండ దానంతటదే నిలబడుతుంది, నేరుగా గది తొలుచుకుంటూ పోవచ్చు. అయినా ముందు వసారా పెట్టాడు. మే నెలలో మెట్లెక్కి ఆ స్తంభాల మధ్యకి అడుగు పెట్టగానే ఒళ్ళు చల్లబడుతుంది, పొలాల మీద నుంచి కృష్ణ గాలి వస్తుంటుంది. అక్కడ గడప దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు, ఏ పనీ లేకుండా.

ఇప్పుడు న్యాయంగా ఫోస్టర్ వాళ్ళ వైపు కూడా చెప్పాలి, వాళ్ళకి ఇదంతా తెలీదని కాదు. వాళ్ళ ప్లాన్‌లో గవర్నమెంట్ కాంప్లెక్స్ అంతా ఐదున్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పు, అందులో కనీసం 60 శాతం చెట్లూ నీళ్ళే అన్నారు. హైకోర్టు కప్పు స్తూపంలాగా మెట్లు మెట్లుగా, అంచులు బాగా ముందుకి చాచి ఉంటాయి, ఎండ లోపలికి రాకుండా. గదుల వరస, నడవా, మళ్ళీ గదుల వరస, మళ్ళీ నడవా, అలా గుండ్రంగా లోపలికి పోతే నడిమధ్య చీఫ్ జస్టిస్ కోర్టు, జనంతో ఎక్కువ పని ఉండేవన్నీ బయటి వరసలో. ఎత్తు 55 మీటర్లు, అసెంబ్లీ ముందు పొట్టిదే, నాకైతే అసెంబ్లీ కంటే ఇదే నచ్చింది. ఆ గుండ్రటి నడవాలు చూస్తే ప్రదక్షిణ గుర్తొస్తుంది, మన అమరావతి స్తూపం చుట్టూ తిరిగినట్టు. అసెంబ్లీలో కూడా జనం ర్యాంపు ఎక్కి పైనుంచి ఊరు చూసే గ్యాలరీ పెట్టారు. బొమ్మలో అన్నీ ఉన్నాయి.

నా భయం బొమ్మకీ గేటుకీ మధ్య ఉండే చోటు గురించి. కప్పు ఎంత ముందుకొచ్చినా దాని కిందకి రావడానికి పాసు కావాలంటే అది గోడకి పట్టిన గొడుగే గానీ మనిషికి పట్టింది కాదు. సెక్యూరిటీ అంటారు, కాదనను. 1995 ఆగస్టులో చండీగఢ్ సెక్రటేరియట్ దగ్గర బాంబు పేలి పంజాబ్ ముఖ్యమంత్రి బియంత్ సింగే చనిపోయారు, ఆ కంచెలూ ఆ తుపాకులూ ఊరికే రాలేదు. కానీ కంచె తప్పదని ముందే తెలిసినప్పుడు కంచెకి ఇవతల ఏముందో కూడా ఆర్కిటెక్టే గీయాలి కదా. ఇవతల ఏం లేకపోతే అక్కడికి ఫ్లెక్సీ వస్తుంది. తర్వాత జిరాక్స్ బంకు, గోలీసోడా బండి, నోటరీ టేబులు, వాటి మీద నీలం టార్పాలిన్. తర్వాత ఎవరో పెద్ద మనిషి కారులోంచి చూసి, ఇంత అందమైన బిల్డింగు ముందు ఈ మురికేంటి అంటాడు, తెల్లారేసరికి జేసీబీ.

ఐకానిక్ కావాలి, పెట్టుబడులు రావాలి, ప్రపంచం చూడాలి అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, ప్రపంచం చూస్తే నాకూ సరదానే. అయితే ప్రపంచం డ్రోన్‌లోంచి చూస్తుంది, మనం గేటు దగ్గర నుంచి చూస్తాం. రైతులు ఇచ్చిన భూమి దాదాపు 34 వేల ఎకరాలు, అందులో ఏటా మూడు పంటలు పండే జరీబు కూడా ఉంది, ఆ చేలల్లో కంద, అరటి, పసుపు వేసుకుని అరటి నీడన అన్నం తిన్నవాళ్ళు వీళ్ళు. వాళ్ళకి పది గజాల చూరు బాకీ లేమా? వాస్తు కూడా పక్కాగా చూశారు ఈ డిజైన్లకి, తూర్పు ఎటు, ఈశాన్యం ఎటు, నీళ్ళు ఎటు అని. వాస్తుకి ఇచ్చిన శ్రద్ధలో పదోవంతు వసారాకి ఇచ్చినా నేనీ గోలంతా పెట్టను.

మొన్నామధ్య తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు హైకోర్టు బొమ్మ ఫోన్లో పెద్దది చేసి వాడి ముందు పెట్టా. ఈ మెట్ల కప్పు చిట్టచివరి అంచు ఎక్కడిదాకా వస్తుంది, దాని కింద బెంచీలు వేస్తారా, కక్షిదారులు కూర్చోవచ్చా అని అడిగా. వాడు అటూ ఇటూ జరిపి చూసి, "అది స్ట్రక్చర్లోకి రాదక్కా, ల్యాండ్‌స్కేప్ వాళ్ళ ప్యాకేజీ, టెండర్ వేరేగా ఉంటుంది" అన్నాడు. ల్యాండ్‌స్కేప్ వాళ్ళని అడిగితే సెక్యూరిటీ వాళ్ళ పరిధి అంటారేమో అన్నా. నవ్వి ఊరుకున్నాడు, ఆవకాయ జాడీ తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన పని ఇంకా అవలేదు. ఈసారి ఆగస్టు మొదటివారంలో రమ్మన్నారు, అంటే సూర్యుడు మళ్ళీ నడినెత్తికి వచ్చే వారం, ఏరి కోరి పెట్టినట్టు. ఫోన్ చేసి తారీఖు చెప్తే రాసుకుని, "గొడుగు తెచ్చుకోనా లాయరమ్మా, గేటు దగ్గర ఏమన్నా అంటారా" అని అడిగాడు. తెచ్చుకోండి బాబాయ్, నల్లది కాకుండా ఇంకేదన్నా తెచ్చుకోండి, నల్ల గొడుగు చూస్తే నిరసన అనుకుంటారు అన్నా. మా ఇంట్లో పూల గొడుగు ఒకటుందమ్మా, మనవరాలిది, అన్నాడు.